నత్త మూత

నా చిన్నప్పుడు మా ఇంట్లో కన్నడం పూర్తిగా అర్థమయ్యేది నా ఒక్కదానికే. గొప్ప కోసం ఈ మాట రాయడం లేదు. ఆ తెలివిని మొట్టమొదట దేనికి వాడానో ఒప్పుకోవడానికి రాస్తున్నాను.

అప్పుడు మేం కాడుగోడిలో, రైలు స్టేషన్‌కి వెనకవైపు ఒక వఠారంలో అద్దెకుండేవాళ్ళం. వరసగా మూడు వాటాలు, వాటి ముందు కంకర పరిచిన వాకిలి, వాకిలికి అటుపక్క ఇంటి ఓనరమ్మ సొంత ఇల్లు. మా వాటాలో ఉన్నది ఒకటే గది. ఆ గదికి ఒకటే కిటికీ. అది ఓనరమ్మ వాకిట్లోకే తెరుచుకునేది. నాన్న తెల్లవారకముందే ఫ్యాక్టరీ బస్సెక్కి చందాపుర వైపు వెళ్ళిపోయేవాడు. అమ్మ గార్మెంట్స్‌లో కుట్టుపనికి వెళ్ళేది. ఇద్దరూ దీపాలు పెట్టాకే ఇల్లు చేరేవాళ్ళు. బడి నుంచి వచ్చాక ఆ గది, ఆ కిటికీ నావి. కిటికీ కింద చాప ముక్క వేసుకుని, నాన్నకి ఫ్యాక్టరీలో ఇచ్చిన డైరీలో రాసుకునేదాన్ని. తొమ్మిదేళ్ళ పిల్లకి రాసుకునేందుకు ఏముంటుందని అనుకుంటారేమో. నోటితో అనలేనివన్నీ ఉంటాయి.

ఆ ఏడు ఎండలు ముదరకముందే అమ్మమ్మ వచ్చి నా కిటికీ కింద పక్క పరిచింది.

మా అమ్మమ్మ విశాఖపట్నం చేపల రేవులో పనిచేసిన మనిషి. రొయ్యల బోటు ఒడ్డుకి వస్తే అందులో రొయ్యలొక్కటే ఉండవు. సముద్రం అడుగున ఉన్నదంతా ఊడ్చుకుని వస్తుంది ఆ వల. రొయ్యల్ని ఏరి, మంచు వేసి, కంపెనీ వాళ్ళకి పంపేస్తారు. మిగిలినదంతా గట్టు మీద గుట్టగా పోస్తారు. నత్తలు, గుల్లలు, వేలెడేసి చేపలు, కాళ్ళు విరిగిన పీతలు, ఇంత నాచు. రేవులో దాని పేరు చెత్త. ఆ చెత్త చుట్టూ బుట్టలు పెట్టుకుని కూర్చునే ఆడవాళ్ళలో అమ్మమ్మ ఒకతె. ఏ నత్తలో మాంసం ఉందో, ఏ గుల్ల బొమ్మలు చేసేవాళ్ళకి పనికొస్తుందో చూడకుండానే చేత్తో తడిమి విడదీసేదట. మోకాళ్ళు వంగడం మానేశాక, పక్కనే మంచు పగలగొట్టే మిషను హోరుకి చెవులు సగం పోయాక, మావయ్య భార్యకీ ఆమెకీ పడక, మా దగ్గరికి వచ్చేసింది.

ఆమెను నేను ఇష్టపడలేదు. ఆమె కూడా నన్ను మెచ్చలేదు. నేను ఎవరితోనూ మాట్లాడకపోవడం ఆమెకి పెద్ద లోపంలా కనిపించేది. "ఈ గుంట నోట్లో నాలికున్నాదా, నేకపోతే సముద్రంలో పారేసీసారేటే?" అని అమ్మను అడిగేది, నేను పక్కనే ఉండగా. అమ్మ నవ్వేది. నాకు ఒళ్ళు మండేది. రాత్రి డైరీలో ఆమె గురించి రాసి, ఆ రాసిందాన్ని చేత్తో మూసుకుని పడుకునేదాన్ని.

అంతకంటే పెద్ద కోపం ఆమె తెచ్చిన గుడ్డసంచీ మీద. అందులో ఉన్నవి నత్త మూతలు. నత్తను ఉడకబెట్టి మాంసం తీసినప్పుడు నోటి దగ్గర ఊడి వచ్చే గోధుమరంగు పెంకులవి. అచ్చం పెద్ద మనిషి కాలి గోరులా ఉంటాయి. రేవుకి అప్పుడప్పుడు ఒక వర్తకుడు వచ్చి వాటిని అగరొత్తుల వాళ్ళ కోసం తీసుకుపోయేవాడట. బెంగుళూరులో అగరొత్తులు బాగా చేస్తారని ఎవరో చెబితే, ఇక్కడ ఎవరికైనా పనికొస్తాయని అమ్మమ్మ ఒక సంచీడు వెంట తెచ్చుకుంది. "ఊరికే కూకుని తింతానని ఎవలూ అనకూడదు" అనేది. రైల్లో వాటికి చెమ్మ తగిలింది. రోజూ పొద్దున్నే వాటిని కిటికీ గట్టు మీద ఎండలో పరిచేది. ఎండ తగిలేకొద్దీ వాటిలోంచి సముద్రం కుళ్ళిన వాసన లేచేది. అది నా బడి గౌనుకి పట్టింది. క్లాసులో నా వెనక బెంచీ పిల్లలు నన్ను 'మీను' అనడం మొదలుపెట్టారు. కన్నడంలో మీను అంటే చేప. నేను పలకలేదు. పలకకపోతే ఆగుతారనుకున్నాను. ఆగలేదు.

ఇక ఓనరమ్మ. వాళ్ళది ఎన్నో తరాల కిందట ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం. ఆవిడ మాట్లాడేది తెలుగే. కాకపోతే ఉప్మాలో మిరపకాయ ముక్కల్లా మధ్యలో కన్నడం మాటలు తగిలేవి. నీచు ముట్టని ఇల్లు. అద్దెకి ఇచ్చేటప్పుడే నాన్నతో, ఇంట్లో వండుకుంటే వండుకోండి గాని వాసన గుమ్మం దాటి రాకూడదని చెప్పిందట. అమ్మమ్మ వచ్చిన వారానికి ఆవిడ మా కిటికీ ముందు నిలబడింది. అమ్మమ్మ గోడకి ఆనుకుని కునుకుతోంది. ఆవిడ నన్నే చూసి మాట్లాడింది.

"ఏం నాత కొడతా ఉండాది ఇది. పాపా, మీ అమ్మ వస్తే చెప్పు, కిటికీ కాడ పెట్టిండేది తీసేయల్లంట అని. గబ్బు నాత. మాకు అన్నం తినేకి అయితా లేదు."

నాత అంటే కంపు. ఆ మాట నాకు తెలుసు. బడిలో రోజూ వింటున్నదే. సరేనని తల ఊపాను. అమ్మ వచ్చాక చెప్పలేదు. రెండు రోజులాగి ఆవిడ మళ్ళీ చెప్పింది. మళ్ళీ తల ఊపాను. మళ్ళీ చెప్పలేదు. మొదటిసారి మాత్రం నిజంగా బిడియం వల్లే. అమ్మ అలిసిపోయి వచ్చేది, ఎలా మొదలుపెట్టాలో తెలిసేది కాదు. రెండోసారి నుంచి అది బిడియం కాదు. ఈ కోపం పెరిగి పెద్దదైతే అమ్మమ్మను తిరిగి పంపించేస్తారు, నా కిటికీ నాకు వస్తుంది. ఈ లెక్క నేను డైరీలో కూడా రాసుకోలేదు. అయినా నాకు స్పష్టంగా తెలుసు.

మూడోసారి ఆవిడ మాటలు తగ్గించి ధూపం తెచ్చింది. మట్టి ధూపదానిలో నిప్పులు, వాటి మీద దశాంగం పొడి. వాళ్ళ మావగారి కాలం నుంచి దశాంగం ఇంట్లోనే దంచుకునేవారట. పూజ సామాన్ల అంగడి నుంచి దినుసులు తెచ్చి దంచి, దీపాల వేళ ఇల్లంతా తిప్పేవారు. ఆ సాయంత్రం ఆవిడ వాకిలి దాటి వచ్చి, ఆ పొగను మా కిటికీలోకి విసనకర్రతో తోసింది. "నాత, నాత" అంటూ మరీ తోసింది. నేను దగ్గుతూ వెనక్కి జరిగాను. అమ్మమ్మ మాత్రం కళ్ళు మూసుకుని ఆ పొగను గట్టిగా పీల్చింది.

ఓనరమ్మ వెళ్ళాక నా భుజం పట్టుకుంది. ఆమె మొహంలో అంత వెలుగు నేను అంతకుముందు చూడలేదు.

"ఓలమ్మ, ఇందులో మా నత్త మూతున్నాదే. కాలితే ఇలగే ఉంతాది. ముందు ఎంటికలు కాలినట్టు, ఎనకాల తియ్యగ. ఆవిడ రోజూ వచ్చి నత్త, నత్త అంతందేటో అనుకున్నాను. ఇదేనేటే?"

ఆవిడ మాటల్లో మిగతాదంతా తెలుగే. ఆ ఒక్కటే కన్నడం. సగం చెవులతో 'నాత' వింటే అమ్మమ్మకి అది 'నత్త' అయింది. ఇక్కడి వాళ్ళు ఉందిని ఉండాది అన్నట్టే, నత్తను సాగదీసి నాత అంటారని అనుకుని ఉంటుంది. తప్పేమీ లేదు. ఆమె అడిగింది కన్నడం తెలిసిన మనవరాలిని.

నేను తల ఊపాను.

నోటితో అబద్ధం చెప్పలేదని చాలా రోజులు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తల ఊపడం కూడా మాటే. కొన్నిసార్లు మాటకంటే గట్టి మాట.

ఆ వచ్చిన శుక్రవారం అమ్మమ్మ పొద్దున్నే తలంటుకుంది. మూతల్ని ఇసకతో రుద్ది, నాలుగు నీళ్ళలో కడిగి, గుడ్డతో తుడిచింది. సాయంత్రానికి అవి తేనె రంగులో మెరిశాయి. స్టీలు పళ్ళెంలో గుండ్రంగా పేర్చి, మధ్యలో ఒక మందారపువ్వు పెట్టింది. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంది. "నాతో రాయే. నా మాట ఆవిడకి అర్తం కాకపోతే నువ్వు సెప్పాల" అంది. ఆగిపొమ్మని చెప్పడానికి వాకిలి దాటేంత సేపు ఉంది నాకు. కంకర మీద ఆమె మెల్లగా, మోకాలు పట్టుకుని నడిచింది. నేను వెనకే నడిచాను, పళ్ళెం చూస్తూ.

ఓనరమ్మ ఇంట్లో శుక్రవారం పూజకి వచ్చిన ఆడవాళ్ళు నలుగురైదుగురు వరండాలో కూర్చుని ఉన్నారు. అమ్మమ్మ మెట్టు కిందే నిలబడి, పళ్ళెం రెండు చేతులా పైకి ఎత్తింది.

"అమ్మా, మీ దూపంలో ఏసీది ఇదే కదా. మా రేవునించి తెచ్చేను. మీకే."

ఓనరమ్మ పళ్ళెంలోకి చూసింది. ఆ చూపులో గుర్తుపట్టడం కనిపించింది నాకు. ఇప్పటికీ ఆ మాట మీద నిలబడతాను. "నఖం కదా ఇది. మీకు యాడ దొరికె?" అంది, కొంచెం మెత్తగానే. పూజ సామాన్ల అంగడిలో ఆ దినుసుని అమ్మే పేరు అది.

"నత్త మూతలమ్మా. రొయ్యల వలలో వస్తాది కదా సెత్త, ఆ సెత్తలో నత్తలవి. ఉడకబెట్టి తీస్తాం."

ఒకామె పమిట ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఇంకొకామె ఫక్కున నవ్వి, "ఏమమ్మా, ఇన్నాళ్ళూ దేవునికి చేపల పులుసు పొగ వేస్తా ఉంటివా?" అంది. అది సరదాకి అన్నదే. కాని ఓనరమ్మ మొహం నల్లబడింది.

"ఏమంటివి? దేవుని ధూపంలో పురుగుల్ని వేస్తామా మేము? ఎవరు చెప్పిరి నీకు?"

"మీరే కదమ్మా రోజూ మా కిటికీ కాడ నత్త నత్త అంతారు."

"నత్త కాదు. నాత అంటిని నేను. నాత. కంపు. నీ ఒంటి కంపు, నీ సంచీ కంపు. ఎన్ని దినాల నుంచి చెప్తా ఉండా. పాపతో చెప్పి పంపిస్తే ఇదా మీరు చేసేది?"

ఆవిడ పళ్ళెం లాక్కుని వాకిట్లోకి విసిరింది. పళ్ళెం కంకర మీద దొర్లుతూ గేటు దాకా పోయింది. మూతలు ఎక్కడపడితే అక్కడ చిందాయి.

అప్పుడు అమ్మమ్మ నా వైపు తిరిగింది. ఎంతసేపు చూసిందో తెలియదు. ఇప్పుడు చెబుతుంది అనుకున్నాను. చెప్పలేదు. ఓనరమ్మ వైపు తిరిగి, "పిల్లేటీ సెప్పలేదమ్మా. నా సెవులే. మంచు మిసను కాడ పన్జేసిన సెవులు. తప్పయిపోయింది" అంది.

నిజానికి పిల్ల ఏమీ చెప్పలేదు. అదే తప్పు.

మర్నాడు పొద్దున అమ్మానాన్నలు పనికి వెళ్ళాక, అమ్మమ్మ నన్ను తీసుకుని వాకిట్లో కూర్చుంది. కంకరలోంచి మూతల్ని ఏరడం మొదలుపెట్టాం. ఓనరమ్మ వరండాలో కూర్చుని మమ్మల్ని చూస్తూ ఉంది. ఒక్కటి కూడా తన వాకిట్లో ఉండకూడదంది. కంకరా మూతలూ దాదాపు ఒకే రంగు. నాకు దొరికేవి కావు. అమ్మమ్మ మాత్రం కళ్ళు ఎటో పెట్టుకుని చేత్తో కంకరను తిరగేస్తూ, టకటకా తీసి ఒళ్ళో వేసుకునేది. తిడుతుందని నేను ఎదురు చూస్తున్నాను. ఆమె ఒక మూతను నా అరచేతిలో పెట్టింది.

"ఇది నత్తకి తలుపు. బయమేస్తే లోనకెల్లిపోయి ఇది ఏసీసుకుంతాది. వలలో పడ్డా అంతే. రొయ్యి ఎగిరెగిరి అక్కడే సచ్చిపోద్ది. ఇది మాత్రం గట్టు మీద గుట్టలో కూడా తలుపేసుకుని, దానికేటీ కానట్టు ఉంతాది."

"తర్వాత ఏమవుతుంది?" అని అడిగాను. ఆమెను నేను నాకై నేను అడిగిన మొదటి ప్రశ్న అదేననుకుంటాను.

"ఏటవుద్ది. తలుపేసుకున్నదాన్ని తలుపేసుకున్నట్టే ఉడకబెట్టీస్తాం."

అంతే అంది. మళ్ళీ కంకరలో చెయ్యి పెట్టింది. నేను అక్కడే కూర్చుని ఆ మూతను మూసిన గుప్పిట్లో పట్టుకున్నాను. వరండా మీంచి ఓనరమ్మ, "అద్దో, ఆ గేటు కాడ ఒకటి ఉండాది" అని వేలు పెట్టి చూపించింది.

ఆదివారం నాన్నను పిలిపించింది. వాకిట్లో నిలబెట్టే మాట్లాడింది. "చూడప్పా, నాకు మీతో కొట్లాట లేదు. ముసలామె అన్నా పోవల్ల, మీరన్నా పోవల్ల. ఈ నెల దాటితే నేను ఊరుకోను." ఇంట్లో ఆ రాత్రి అమ్మా నాన్నా ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు. నా బడి ఇక్కడే, నాన్న బస్సు ఆగేది ఇక్కడే. చేపలు తినేవాళ్ళకి ఇల్లిచ్చే ఇంకో ఓనరుని ఈ అద్దెలో ఎక్కడ వెతకాలి? అసలు ఆవిడ అన్నిసార్లు చెబితే ఒక్కరికీ తెలియకపోవడం ఏమిటని నాన్న. మా అమ్మను ఇక్కడ ఒక్కరోజైనా సుఖంగా ఉండనిచ్చారా అని అమ్మ. అన్నిసార్లు చెప్పింది నాతోనేనని వాళ్ళకి ఆ రాత్రి కూడా చెప్పలేదు. అమ్మమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. వాళ్ళ మాటలు వినబడ్డాయో లేదో నాకు తెలియదు. తెల్లారాక తనే, "నానే ఎల్లిపోతాను. నా కొడుకింటికే కదా" అంది. అక్కడ కోడలు కంచం పెట్టేటప్పుడు చేసే చప్పుడు గురించి ఆమె అంతకుముందు చాలాసార్లు చెప్పింది. ఆ రోజు చెప్పలేదు.

రైలెక్కించడానికి నాన్నతో నేనూ వెళ్ళాను. కిటికీ పక్కన సీటు దొరికింది ఆమెకి. నాన్న నీళ్ళ సీసా కొనడానికి వెళ్ళాడు. నేను ప్లాట్‌ఫారం మీద నిలబడి చెప్పుల్ని చూసుకుంటున్నాను. ఊచల్లోంచి చెయ్యి పెట్టి నా గడ్డం ఎత్తింది.

"ఆ మాటకి అర్తం నీకు ముందే తెలుసు కదే."

తల ఊపాను.

"తల కాదు. నోటితో సెప్పు."

"తెలుసు" అన్నాను.

"మరి సెప్పీవు కాదేటే. కిటికీ మూసీదాన్ని కదా."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను బాధపడి మరిచిపోయి ఉండేదాన్ని. ఎంతో తేలికైన పని గురించి అన్నట్టు అంది. నిజంగానే తేలికైన పని. ఆ కిటికీకి ఉన్నది ఒకటే రెక్క. గడియ కూడా పడేది కాదు. చేత్తో తోస్తే చాలు. మూతల్ని ఇంకోచోట ఎండబెట్టుకునేది. ఓనరమ్మ ముక్కు కుదుటపడేది. అమ్మమ్మ మా గదిలో, నా పక్కన, ఇంకొన్నేళ్ళు నన్ను వెక్కిరిస్తూ ఉండేది.

ఆమె మళ్ళీ బెంగుళూరు రాలేదు. మావయ్య ఇంట్లోనే పోయింది. నా కిటికీ నాకు వచ్చింది. దాని కింద కూర్చుంటే రాయబుద్ధి కాలేదు. ఆ డైరీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆ శుక్రవారం పేజీలో ఏమీ లేదు. ఎవరూ చదవని పుస్తకంలో కూడా తలుపేసుకున్నాను.

ఓనరమ్మ మీద నా కోపం పోలేదు. పోవాలని కూడా అనుకోవడం లేదు. మేం ఆ వాటాలో ఇంకో రెండేళ్ళు ఉన్నాం. ఆ శుక్రవారం తర్వాత వాళ్ళింట్లోంచి దశాంగం వాసన రాలేదు. వట్టి సాంబ్రాణి వేయడం మొదలుపెట్టారు. అంటే ఆవిడ అమ్మమ్మ మాట నమ్మిందన్నమాట. అమ్మమ్మను కంపు కోసం వెళ్ళగొట్టాలనుకుంటే ముందే వెళ్ళగొట్టేది. నిజం కోసం వెళ్ళగొట్టింది. కాని ఆ నిజాన్ని పళ్ళెంలో పెట్టుకుని అమ్మమ్మ ఆ వాకిలి దాటేలా చేసింది నేను. ఆవిడ మీద కోపం ఎంత పెంచుకున్నా అది నా వాటాను తగ్గించదు.

ఇప్పుడు మహదేవపురలో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. ఇప్పటికీ నాకు మాట్లాడడం కష్టమే. మీటింగుల్లో నా పేరు పిలిస్తే మెడ వేడెక్కుతుంది. పెన్నుల సంచీలో ఒక నత్త మూత ఉంటుంది. ఆ శనివారం నా గుప్పిట్లోనే ఉండిపోయినది. ఎవరైనా చూసి ఏమిటిదని అడిగితే తలుపు అని చెబుతాను. విచిత్రంగా చూస్తారు.

కిందటి నెల, మా అంతస్తులో ఊడ్చి తుడిచే ఆవిడ మధ్యాహ్నం టీ గదిలో డబ్బా విప్పింది. ఎండుచేపల కూర. ఊరు శ్రీకాకుళం వైపు. వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. సూపర్‌వైజరు గుమ్మంలోంచి తొంగి చూసి, ముక్కు మూసుకుని, కన్నడంలో ఏదో అని వెళ్ళిపోయింది. ఆ మాటల్లో ఆ మాట ఉంది. ఒక చేతిలో టీ కప్పు, చంకలో పెన్నుల సంచీతో నేను అక్కడే ఉన్నాను. ఆవిడ నా వైపు తిరిగి, "ఏటంతన్నాదమ్మా?" అంది.

అదే యాస. చెయ్యి సంచీలోకి పోయి పెన్నుల మధ్య ఆ మూతను వెతుక్కుంది. ఏమీ లేదులెండి అనడం ఎంత సులువో నాకు తెలుసు. మర్యాదగా కూడా ఉంటుంది.

"మీ కూర కంపు కొడుతోందట. హాల్లోకి వస్తోందట" అన్నాను. మొత్తం చెప్పాను.

ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసింది. కాలితో తలుపును తోసి మూసింది. మళ్ళీ అన్నం కలుపుకుంది.

"అంతేనేటమ్మా?" అంది.

"అంతే" అన్నాను.